లినక్స్ డెస్క్‌టాప్ ప్యానెల్: ప్లగిన్లు, ఎక్స్‌టెన్షన్లు, తెలుగు అమరిక

లినక్స్ డెస్క్‌టాప్‌లో తెర పైఅంచునో కింది అంచునో పరుచుకుని ఉండే పట్టీ పేరు ప్యానెల్. మెనూ బటన్, తెరిచి ఉన్న విండోల వరస, గడియారం, నెట్‌వర్క్, బ్యాటరీ, ఏ భాషలో టైపు చేస్తున్నామో చెప్పే గుర్తు, అన్నీ దాని మీదే ఉంటాయి. పైకి విండోస్ టాస్క్‌బార్‌లా కనిపించినా లోపల అది ఒకే ముక్క కాదు. గడియారం ఒక చిన్న ప్రోగ్రాము, విండోల వరస ఇంకొకటి, కీబోర్డు గుర్తు మరొకటి. అక్కర్లేనిది తీసేయవచ్చు, కావలసింది తెచ్చి పెట్టుకోవచ్చు, ఎక్కడా దొరకనిది సొంతంగా రాసుకోవచ్చు. వీటిని ఎక్స్‌ఎఫ్‌సీఈలో ప్లగిన్లు, మేట్, సిన్నమన్‌లలో ఆప్లెట్లు, కేడీఈ ప్లాస్మాలో విడ్జెట్లు, గ్నోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు అంటారు.

పేర్ల తేడా కన్నా అవి నడిచే చోటులో ఉన్న తేడా పెద్దది. చేర్చిన ముక్క ఎక్కడ నడుస్తోందన్న దాన్నిబట్టే అది ఎన్నాళ్లు నిలుస్తుందో, చెడితే తనతోపాటు ఏమేం పడగొడుతుందో తేలుతుంది. తెలుగులో పనిచేసేవారికి ఈ సంగతి తెలిసి ఉండటం మరీ అవసరం. తెలుగు డెస్క్‌టాప్‌కు కావలసిన మార్పులు చాలావరకు ఈ పట్టీ మీదే మొదలవుతాయి.

పుట్టుక

తెర అంచున ప్రోగ్రాముల గుర్తులు పేర్చే పద్ధతి 1989 నాటి నెక్స్ట్‌స్టెప్ డాక్‌లోనే ఉంది. యూనిక్స్ కంపెనీలు కలిసి 1993లో ప్రకటించిన సీడీఈకి అడుగున ఒక వెడల్పాటి ప్యానెల్ ఉండేది. ఒలివియే ఫూర్దాఁ 1996లో ఎక్స్‌ఎఫ్‌సీఈని మొదలుపెట్టింది అలాంటి ప్యానెల్‌ను లినక్స్‌కు తేవాలనే. అదే ఏడాది అక్టోబరులో మథియాస్ ఎట్రిచ్ కేడీఈ ప్రాజెక్టును ప్రకటించారు. 1997 ఆగస్టులో మిగెల్ ద ఇకాజా, ఫెదెరికో మేనా గ్నోమ్‌ను ఆరంభించారు. 1999 మార్చిలో వచ్చిన గ్నోమ్ 1.0 నాటికే ప్యానెల్ మీద ఆప్లెట్లు పెట్టుకునే వీలుంది.

ఇన్ని డెస్క్‌టాప్‌లు ఉన్నా ఒకదాని ప్యానెల్ ఇంకొకదానిలో కొంతవరకు పనిచేయడానికి కారణం ఉమ్మడి ఒప్పందాలు. తెర అంచున తనకు ఇంత జాగా కావాలని, పూర్తి తెరకు సాగే విండోలు ఆ జాగాను కప్పకూడదని ప్యానెల్ విండో మేనేజరుకు చెప్పే పద్ధతి ఇలా కుదిరిందే. నడుస్తున్న ప్రోగ్రాముల గుర్తులు చేరే మూల పేరు ట్రే. అందులోకి గుర్తును పంపే పద్ధతులు రెండున్నాయి. పాతదానిలో ప్రోగ్రాము తన చిన్న విండోనే తెచ్చి ట్రేలో అతికిస్తుంది. కేడీఈ నుంచి వచ్చిన కొత్తదానిలో, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ మీద సమాచారం మాత్రమే పంపుతుంది, గుర్తును గీసేది ప్యానెలే. గ్నోమ్ 2017 సెప్టెంబరులో, 3.26తో, పాత ట్రేను తీసేసింది. ఆ తర్వాత ట్రే కావాలనుకున్నవారికి ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైంది. ఉబుంటు దాన్ని తనతోపాటే ఇస్తోంది.

లోపల నడిచేవి, బయట నడిచేవి

ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్‌లో ప్లగిన్ రెండు విధాలుగా నడవగలదు. కొన్ని ప్యానెల్ ప్రాసెస్ లోపలే నడుస్తాయి. మిగిలినవి ఒక్కొక్కటీ విడి ప్రాసెస్‌గా నడుస్తూ తమ బొమ్మను మాత్రం ప్యానెల్‌లో చూపిస్తాయి. ఇలా బయట నడిచే ప్లగిన్ కూలిపోతే ప్యానెల్‌కు ఏమీ కాదు. ఫలానా ప్లగిన్ అనుకోకుండా వెళ్లిపోయింది, మళ్లీ మొదలుపెట్టమంటారా అని ఒక చిన్న పెట్టె అడుగుతుంది. అవునంటే ముక్క తిరిగి తన చోటికి వస్తుంది. మేట్‌లోనూ ఇలాంటి పెట్టే కనిపిస్తుంది. గ్నోమ్ 2 పద్ధతి వదులుకోలేని వారి కోసం 2011లో అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకరి మొదలుపెట్టిన శాఖ మేట్. పాత గ్నోమ్ ప్యానెల్ నిర్మాణం అందులో ఇంకా బతికి ఉంది.

ప్లాస్మాది మధ్యస్థమైన దారి. విడ్జెట్లన్నీ ప్లాస్మాషెల్ అనే ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి. విండోలను నడిపించే క్విన్ మాత్రం వేరు. చెడ్డ విడ్జెట్ ఒకటి ప్లాస్మాషెల్‌ను పడగొడితే ప్యానెల్ క్షణకాలం మాయమై మళ్లీ వస్తుంది. రాస్తున్న ఉత్తరమో నింపుతున్న దరఖాస్తో ఎక్కడిదక్కడే ఉంటుంది.

గ్నోమ్ షెల్ దారి పూర్తిగా వేరు. పైపట్టీ, విండోల నిర్వహణ, తెర మీది కదలికలు, అన్నీ ఒకే ప్రాసెస్. ఎక్స్‌టెన్షన్ ఆ ప్రాసెస్ లోపల నడిచే జావాస్క్రిప్ట్. దానికంటూ ప్రత్యేకంగా కేటాయించిన గది లేదు. షెల్ సొంత ఫంక్షన్లనే పట్టుకుని, నడుస్తుండగానే మార్చేయగలదు. ఇంటి దూలానికే మేకు కొట్టి వస్తువు తగిలించడం లాంటిది ఇది. అందుకే మరెక్కడా కుదరని మార్పులు గ్నోమ్‌లో కుదురుతాయి. పైపట్టీని, డాక్‌ను కలిపి అడుగున ఒకే టాస్క్‌బార్‌గా మార్చే డ్యాష్ టు ప్యానెల్ అలాంటిదే. దీని ఖరీదూ అక్కడే ఉంది. వేలాండ్ (తెర మీద విండోలు చూపే కొత్త పద్ధతి) సెషన్‌లో షెల్ కూలితే సెషన్ మొత్తం పోతుంది, దాచుకోని పని దానితోపాటే పోతుంది. ఇది తెలిసే గ్నోమ్ ఒక జాగ్రత్త పెట్టింది. సెషన్ సరిగా నిలబడనప్పుడు ఎక్స్‌టెన్షన్లన్నింటినీ ఆపేసి మళ్లీ లాగిన్‌కు వీలు కల్పిస్తుంది.

సిన్నమన్ గ్నోమ్ షెల్ శాఖగానే మొదలైంది. లినక్స్ మింట్ సృష్టికర్త క్లెమాఁ లెఫెవ్ర్ 2011 చివర్లో దాన్ని ముందుకు తెచ్చారు. 2013 అక్టోబరులో వచ్చిన 2.0తో అది గ్నోమ్ నుంచి విడివడింది. స్పైసెస్ అనే పేరుతో ఒకే చోట ఆప్లెట్లు, డెస్క్‌లెట్లు, ఎక్స్‌టెన్షన్లు, థీమ్‌లు దొరుకుతాయి. ఆప్లెట్ అంటే ప్యానెల్ మీది ముక్క అని, ఎక్స్‌టెన్షన్ అంటే డెస్క్‌టాప్ నడకనే మార్చేదని సిన్నమన్ విడదీసి చెప్పడం మంచి పని. కొత్తవారికి ఎక్కడ జాగ్రత్తపడాలో ముందే తెలుస్తుంది.

ఆరు నెలలకోసారి వచ్చే చిక్కు

గ్నోమ్ ఏటా మార్చిలో, సెప్టెంబరులో కొత్త వెర్షన్ ఇస్తుంది. ప్రతి ఎక్స్‌టెన్షన్ ఫోల్డరులోనూ మెటాడేటా డాట్ జేసన్ అనే ఫైలు ఒకటుంటుంది. ఏయే షెల్ వెర్షన్లతో అది పనిచేస్తుందో అందులో రాసి ఉంటుంది. షెల్ మారినా ఆ జాబితా మారకపోతే ఎక్స్‌టెన్షన్ మొదలుకాదు. రాసినవారు ఉత్సాహంగా ఉన్నంతకాలం కొత్త వెర్షన్ పేరు చేరుతుంటుంది. వారికి ఉద్యోగం మారినా, ఆసక్తి తగ్గినా వాడేవారి పట్టీ మీది నుంచి ఆ ముక్క మాయమవుతుంది.

2023 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 45 ఇంకా పెద్ద దెబ్బ వేసింది. జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లను తెచ్చుకునే పద్ధతి మొత్తం మారింది. అంతకుముందు రాసిన ఎక్స్‌టెన్షన్ ఒక్కటీ మార్పు లేకుండా నడవలేదు. పాత పద్ధతికి కాలం చెల్లిందన్న గ్నోమ్ బృందం వాదనలో న్యాయం ఉంది. రోజువారీ పనికి అలవాటుపడ్డ పనిముట్టు రాత్రికి రాత్రి పోయినవారి బాధ కూడా అంతే నిజం. 2024 ఫిబ్రవరి 28న ప్లాస్మా 6 వచ్చినప్పుడు కేడీఈలోనూ పాత విడ్జెట్లను తిరగరాయాల్సి వచ్చింది. కాకపోతే ప్లాస్మా 5 వచ్చింది 2014 జులైలో, అంటే మధ్యలో దాదాపు పదేళ్ల స్థిరత్వం దొరికింది.

అందుకే పల్లెలో, పాఠశాలలో, మీసేవ లాంటి కేంద్రంలో ఒకసారి అమర్చి ఏళ్ల తరబడి వాడే కంప్యూటరుకు ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ మేట్ గానీ మేలు. గ్నోమే కావాలంటే డెబియన్ స్థిర విడుదలను ఎంచుకోవాలి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో గ్నోమ్ 43 ఉంది. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చేవరకు అది మారలేదు, కాబట్టి ఎక్స్‌టెన్షన్లూ అంతకాలం చెదరలేదు.

తెలుగు ప్యానెల్

డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తేవాలన్న ప్రయత్నం హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థతో జనంలోకి వెళ్లింది. మొదట ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ అనే పేరుతో ఉన్న ఈ సంస్థ 2005లో స్వేచ్ఛ పేరుతోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. 2007లో సీ-డ్యాక్ తెచ్చిన బాస్ లినక్స్ కూడా తెలుగు సహా భారతీయ భాషలకు వీలు కల్పించింది. గ్నోమ్, కేడీఈల అనువాదం వీటికి సమాంతరంగా స్వచ్ఛంద కార్యకర్తల చేతుల్లో సాగింది. వారి శ్రమ ప్రతి మెనూలో కనబడుతుంది, పేర్లు మాత్రం ఎక్కడో అనువాద ఫైళ్ల తలకట్టుల్లో ఉండిపోయాయి.

ప్యానెల్ తెలుగులో ఉన్నంత మాత్రాన దాని మీద పెట్టిన ముక్క తెలుగులో ఉండదు. ప్రతి ప్లగిన్, ప్రతి ఎక్స్‌టెన్షన్ తన అనువాదాన్ని తానే మోసుకురావాలి. మెనూలో తెలుగు, వాతావరణం చెప్పే ప్లగిన్‌లో ఇంగ్లీషు పక్కపక్కన కనిపించడానికి కారణం ఇదే. ఒక చిన్న ప్లగిన్‌లో అనువదించాల్సినవి తరచు కొన్ని పదుల మాటలే ఉంటాయి. తెలుగు భాషకు సాయం చేయాలనుకునే కళాశాల విద్యార్థికి ఇంతకన్నా తేలికైన తొలి మెట్టు లేదు.

తెలుగువారి పట్టీ మీద మొదట కుదరాల్సింది కీబోర్డు గుర్తు. తెలుగు టైపు చేయడానికి లినక్స్‌లో దారులు చాలా ఉన్నాయి. కీబోర్డు అమరికల వ్యవస్థ ఎక్స్‌కేబీలో ఇన్‌స్క్రిప్ట్ అమరిక, దానికి తోడు కగప, సరళ అనే రూపాలు ఉన్నాయి. టైపు పద్ధతులను నడిపే ఐబస్ ద్వారా ఎం17ఎన్ పద్ధతులు వాడితే ఐట్రాన్స్, పోతన, యాపిల్ అమరికలతోపాటు ఆర్‌టీఎస్ కూడా దొరుకుతుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల తొలినాళ్లలో రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి అది. అక్కడి తెలుగు విద్యార్థులు ఈమెయిళ్ల కోసం చేసుకున్న ఏర్పాటు ఇవాళ కోనసీమలోని లినక్స్ పట్టీ మీద ఒక ఎంపికగా కూర్చుంది.

2012లో గ్నోమ్ 3.6 ఐబస్‌ను పైపట్టీలో కలిపేసింది. సూపర్, స్పేస్ కీలు కలిపి నొక్కితే భాష మారుతుంది. మిగతా డెస్క్‌టాప్‌లలో ఐబస్ గుర్తు ట్రేలోకి వస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్ మీద స్టేటస్ ట్రే ప్లగిన్ లేకపోతే ఐబస్ నడుస్తున్నా కంటికి కనబడదు. తెలుగు రావడం లేదని అనుకునేవారు ముందు చూసుకోవాల్సింది ఇదే. ఎక్స్‌కేబీ అమరికలు మాత్రమే వాడేవారికి కీబోర్డు లేఅవుట్ ప్లగిన్ చాలు. అందులో భాషకు జెండా చూపే పద్ధతి ఉంది గానీ మనకు అది పనికిరాదు. ఎక్స్‌కేబీ లెక్కలో తెలుగు, తమిళం, హిందీ అన్నీ భారతదేశం కింద రూపభేదాలు. తెలుగు, హిందీ రెండూ వాడేవారికి రెండింటికీ అదే మువ్వన్నెల జెండా కనబడుతుంది. ఐబస్ గుర్తు ఈ విషయంలో నయం, ఏ పద్ధతి నడుస్తోందో విడిగా చెబుతుంది.

తర్వాతిది ఎత్తు. ప్యానెళ్లను గీసినవారి మనసులో ఉన్నది రోమన్ లిపి. తెలుగులో అక్షరం పైన గుడి, ఏత్వం, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు వస్తాయి. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటలు విండో పేర్లలో వచ్చినప్పుడు సన్నటి పట్టీలో అడుగు వత్తు తెగిపోతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో వరస ఎత్తును పిక్సెళ్లలో పెంచుకోవచ్చు. ఎత్తు పెంచడం ఇష్టం లేకపోతే ఫాంటు మార్చాలి. నోటో సాన్స్ తెలుగు ఫాంటుకు యూఐ అనే రూపం ఉంది. మెనూలు, పట్టీల్లాంటి ఇరుకు చోట్ల ఇమిడేలా దాని నిలువు కొలతలు తగ్గించారు. పుస్తకాలకు, శీర్షికలకు అందంగా ఉండే తిరుమల కృష్ణదేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు గానీ, సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, సూరన్న, రామభద్ర వంటివి గానీ పట్టీకి తేవడం దండగ. వాటిని చదివే పేజీలో వాడుకోవాలి. ఏ భాషకు ఏ ఫాంటు ముందు ఎంచాలో ఫాంట్‌కాన్ఫిగ్ అమరికలో రాసుకోవచ్చు, ఇంగ్లీషు అక్షరాల రూపం దానివల్ల మారదు.

పట్టీని తెర పక్కన నిలువుగా పెట్టుకునే అలవాటు వెడల్పు తెరల వల్ల పెరిగింది. నిలువు పద్ధతిలో అక్షరాలు పక్కకు తిరుగుతాయి. వత్తులున్న తెలుగు అలా చదవడం కష్టం. ఎక్స్‌ఎఫ్‌సీఈలో డెస్క్‌బార్ అనే మూడో పద్ధతి ఉంది, పట్టీ నిలువుగా ఉన్నా రాత అడ్డంగానే ఉంటుంది. తెలుగుకు సరిపోయేది అదే.

గడియారం సంగతి తేలిక. సమయానికి సంబంధించిన లొకేల్‌ను తెలుగుకు మార్చి, గడియారం ప్లగిన్‌లో వారం, నెల పూర్తి పేర్లు వచ్చే సంకేతాలు రాస్తే 'ఆదివారం', 'జులై' తెలుగులో వస్తాయి. మిగతా డెస్క్‌టాప్ ఇంగ్లీషులో ఉంచుకునేవారు కూడా ఇది ఒక్కటీ మార్చుకోవచ్చు.

ధవళేశ్వరం నీటిమట్టం పట్టీ మీద

దొరికే ప్లగిన్లలో అన్నిటికన్నా తక్కువ ఆర్భాటం, అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగం ఉన్నది ఎక్స్‌ఎఫ్‌సీఈ జెన్‌మాన్. దానికి సొంతంగా చూపించేది ఏమీ లేదు. మనం ఇచ్చిన ఆదేశాన్ని చెప్పిన వ్యవధికోసారి నడిపి, అది ముద్రించిన మాటను పట్టీ మీద పెడుతుంది. మాటకు, బొమ్మకు, మౌస్ ఆనించినప్పుడు వచ్చే వివరానికి, నొక్కినప్పుడు జరగాల్సిన పనికి వేర్వేరు ట్యాగులున్నాయి. పాంగో మార్కప్‌తో రంగు కూడా వేయవచ్చు.

గోదావరి పాయ గౌతమి ఒడ్డున ఉన్న కపిలేశ్వరపురం మండలానికి దీన్ని అన్వయించి చూస్తే విలువ తెలుస్తుంది. అక్కడి లంక గ్రామాలకు జులై, ఆగస్టు నెలల్లో ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం కన్నా ముఖ్యమైన అంకె లేదు. 11.75 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది ఇస్తారు. ప్రవాహంలో చెబితే సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టు వరదలో 35 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి అది. పంచాయతీ కార్యాలయంలోనో బడిలోనో ఉన్న కంప్యూటరు పట్టీ మీద ఆ అంకె ఉండాలంటే పది వరసల స్క్రిప్టు చాలు.

హోం ఫోల్డరులో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి, తాజా మట్టాన్ని అందులో రాయాలి. స్క్రిప్టు ఆ అంకెను చదివి, 11.75 లోపు మామూలు రంగు, ఆపైన పసుపు, రెండో హెచ్చరికకు నారింజ, మూడోదానికి ఎరుపు ఎంచి ముద్రిస్తుంది. బ్యాష్ షెల్ దశాంశాలను పోల్చలేదు కాబట్టి ఆ పోలికను ఆక్ అనే సాధనానికి అప్పగించాలి. అంకె మీద నొక్కితే ఫైలు తెరుచుకునేలా క్లిక్ ట్యాగు పెడితే, ఫోనులో వినగానే మార్చేయడానికి వీలు. ఫైలును చివరిసారి మార్చిన సమయాన్ని వివరంలో చూపించడం తప్పనిసరి. పాత అంకెను కొత్తదని నమ్మడం వరద రోజుల్లో ప్రమాదం. వెబ్‌పేజీ నుంచి అంకెను దానంతట అది తెచ్చుకునే స్క్రిప్టు రాయవచ్చు గానీ, పేజీ రూపం మారిన రోజున అది చప్పుడు లేకుండా తప్పుతుంది. మనిషి చేత్తో రాసిన అంకె, పక్కన రాసిన వేళ, ఈ పనికి ఎక్కువ నమ్మదగినవి.

ఇదే పని మేట్‌లో కమాండ్ ఆప్లెట్, గ్నోమ్‌లో ఆర్గోస్ ఎక్స్‌టెన్షన్ చేస్తాయి. ఆర్గోస్‌లో వ్యవధిని స్క్రిప్టు ఫైలు పేరులోనే రాయాలి. ఎక్కడైనా స్క్రిప్టు మనది, ప్లగిన్ మోసుకెళ్లే వాహకం మాత్రమే. డెస్క్‌టాప్ మారినా చివరి ముద్రణ వరస ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. గ్నోమ్ ఆరు నెలల చిక్కుకు నిజమైన విరుగుడు ఇలా తెలివినంతా స్క్రిప్టులో ఉంచి, ప్లగిన్‌కు పని తగ్గించడమే.

ఫోను హాట్‌స్పాట్ మీద ఇంటర్నెట్ వాడే ఇళ్లలో నెట్‌లోడ్, నెట్‌స్పీడ్ ప్లగిన్లు కూడా ఉపయోగపడతాయి. డేటా ఎంత వేగంగా ఖర్చవుతోందో అప్పటికప్పుడు తెలుస్తుంది.

నమ్మకం

విడ్జెట్ అంటే బొమ్మ కాదు, ప్రోగ్రాము. వాడేవారికి ఉన్న అధికారాలన్నీ దానికీ ఉంటాయి. 2024 మార్చిలో కేడీఈ స్టోరు నుంచి దించుకున్న ఒక గ్లోబల్ థీమ్ ఒక వాడుకరి సొంత ఫైళ్లను చెరిపేసింది. దురుద్దేశంతో రాసింది కాదు, సరిగా రాయని తొలగింపు ఆదేశం చేసిన పని అది. స్టోరులో ఉన్నవాటిని ముందుగా పరిశీలించే ఏర్పాటు లేదని కేడీఈ బృందం అప్పుడు హెచ్చరించింది. గ్నోమ్ ఎక్స్‌టెన్షన్ల సైటులో పెట్టేముందు సమీక్షకులు కోడ్ చదువుతారు. ఈ విషయంలో గ్నోమ్ ముందుంది. డెబియన్, ఉబుంటు భాండాగారాల్లోని ప్యాకేజీలు ఇంకా నమ్మదగినవి. కావలసిన ప్లగిన్ అక్కడ దొరికితే బయటికి వెళ్లనక్కర్లేదు.

దాచుకోవడం, మొదటికి రావడం

ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్ అమరికను ప్యానెల్ ప్రొఫైల్స్ అనే సాధనంతో ఒక ఫైలుగా దాచి ఇంకో కంప్యూటరుకు తీసుకెళ్లవచ్చు. బడిలోని కంప్యూటర్లన్నింటికీ ఒకే తెలుగు పట్టీ పెట్టాలంటే ఇదే దారి. జెన్‌మాన్ స్క్రిప్టులను మాత్రం విడిగా నకలు చేసుకోవాలి. గ్నోమ్, మేట్ అమరికలను డీకాన్ఫ్ నుంచి టెక్స్ట్‌గా దించుకోవచ్చు. ప్లాస్మా తన పట్టీ వివరాలను హోం ఫోల్డరులోని కాన్ఫిగ్ డైరెక్టరీలో ఆప్లెట్స్‌ఆర్‌సీతో ముగిసే ఫైలులో రాసుకుంటుంది. పట్టీ పూర్తిగా చెదిరిపోతే మేట్‌లో ప్యానెల్ ఆదేశానికి రీసెట్ అని చేర్చి నడపాలి. గ్నోమ్‌లో వాడుకరి ఎక్స్‌టెన్షన్లన్నింటినీ ఆపే మీట ఎక్స్‌టెన్షన్స్ యాప్ పైభాగంలో ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ప్యానెల్‌ను, ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ సేవను రెండింటినీ ఆపాకే అమరిక ఫైలు తీసేయాలి, లేకపోతే ఆ సేవ పాత అమరికనే మళ్లీ రాసేస్తుంది.